పదకొండో పాట

పోయిన సంవత్సరం, అంటే 2024 ఫిబ్రవరిలో, మన హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చిన వాళ్లందరికీ ఆ రాత్రి సౌండ్ బాక్సులు పెట్టిన అరుపు గుర్తుండే ఉంటుంది. డైనింగ్ హాలు రేకులు అదిరిపోయాయి. చిన్నపిల్లలు చెవులు మూసుకున్నారు. వార్డెన్ మేడమ్ స్టేజి మీద నుంచే "ఆపండి, ఆపండి" అని కేకేశారు. అందరూ మైక్ సెట్ అన్నను తిట్టారు. పాపం, ఆయన తప్పేమీ లేదు. తప్పు మాది. ఈ సంచికకు ఏదైనా రాయమని చెల్లెళ్లు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా, పోటీ పరీక్షల గురించి రాద్దామా అని చాలాసేపు ఆలోచించాము. చివరికి ఆ తప్పు గురించే రాయాలనుకున్నాము.

మేమంటే ముగ్గురం. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఈ హాస్టల్లోనే, ఒకే గదిలో, ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగాము. 2017లో పది పాసై బయటికి వెళ్లాము. ఇప్పుడు ఒకే యూనివర్శిటీలో ఒకరం ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఒకరం ఎమ్మే తెలుగు, ఒకరం ఎంకాం చదువుతున్నాము. ముగ్గురికీ ఇరవై మూడేళ్లు. ముగ్గురి ఇళ్లలోనూ మాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. పట్టా తీసుకుని ఇంటికి వెళ్తే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దేవుడి పటం వెనకాల దాచారు మా ఇళ్లలో. ఏదైనా తెలియకపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి, తెలిసినట్టే నటించి పని కానివ్వడం మాకు అలవాటైంది. ఆ అలవాటే ఆ రోజు కొంప ముంచింది.

ఈ రోజుల్లో కూడా సీడీ ఏమిటని కొందరు సీనియర్ అక్కలు నవ్వారు. నిజమే, మా లాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు. కానీ మన హాస్టల్లో పిల్లల దగ్గర సెల్‌ఫోన్లు ఉండకూడదు. డైనింగ్ హాలులో గోడకు కొట్టిన చెక్క మీద, పూర్వ విద్యార్థినులు ఎప్పుడో కొనిచ్చిన డీవీడీ ప్లేయరు ఉంది. దానికి పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రం మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడే పాడైంది. డిస్కు పెడితే మాత్రం ఇప్పటికీ పాడుతుంది. ఆదివారం పూట బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు, ఒకరికొకరు తల దువ్వుకునేటప్పుడు పిల్లలు వినేది దాన్నే. అందుకే సీడీ చేయాలనుకున్నాము.

2023 దసరా సెలవులకు ఇళ్లకు వెళ్తున్న పిల్లలకు ఒక పని చెప్పాము. అమ్మగానీ, అమ్మమ్మగానీ, నాయనమ్మగానీ పాడే పాట ఒకటి ఇంట్లో వాళ్ల ఫోన్‌లోనో, పక్కింటి వాళ్ల ఫోన్‌లోనో రికార్డు చేసి మాకు పంపమన్నాము. తొమ్మిది పాటలు వచ్చాయి. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, ఒక జోల పాట. పిల్లలు స్వయంగా పాడినవి అయిదు. వాటితోపాటు వార్షికోత్సవంలో డాన్సులకు కావలసిన సినిమా పాటలు నాలుగు. మొత్తం పద్ధెనిమిది. సీడీలో 80 నిమిషాలు పడతాయి. మా పాటలన్నీ కలిపి 71 నిమిషాలు. సరిపోయిందని సంతోషించాము.

పదకొండో పాట అప్పుడు ఏడో తరగతి చదువుతున్న ఒక చెల్లెలి అమ్మది. నాటు పాట. ఆమె కూలిపనికి వెళ్తుంది. పాట వినడానికి ఆ రోజు కూలి వదులుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. ముందు వరుసలో, కూతురి పక్కన కూర్చుంది.

పది పాటలయ్యాయి. పదకొండోది మొదలైంది. ఏమీ వినపడలేదు. హాలులో మాటలు మొదలయ్యాయి. "పాట అయిపోయిందా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. "అన్నా, సౌండ్ పెంచు" అని మేమే అరిచాము. మైక్ సెట్ అన్న పెంచాడు. ఇంకా పెంచాడు. చివరికి గుండీ పూర్తిగా తిప్పాడు. అప్పుడు ఎక్కడో బావిలో నుంచి వస్తున్నట్టు ఒక గొంతు వినపడింది. ఏం పాడుతోందో అర్థమయ్యేలోపే పాట అయిపోయింది. గుండీ అలాగే ఉంది. పన్నెండోది సినిమా పాట, డప్పులతో మొదలయ్యేది. ఆ తరువాత జరిగింది మీకందరికీ తెలుసు.

మీకు తెలియనిది ఒకటి ఉంది. ఆ గోలలో ఆ అమ్మ లేచి నిలబడి కూతురితో, "నా పాటతోనే మిషిని ఖరాబైనట్టుంది బిడ్డా" అని, భోజనం కూడా చేయకుండా చివరి బస్సుకు వెళ్లిపోయింది. ఈ మాట మాకు రెండు నెలల తరువాత కామాటి అవ్వ చెప్పింది.

అంతవరకూ మేము ఏమనుకున్నామో కూడా నిజాయితీగా చెప్పాలి. ఆమె ఫోన్ దూరంగా పెట్టుకుందనీ, గట్టిగా పాడమని చెప్పినా వినలేదనీ అనుకున్నాము. మా ముగ్గురి మధ్యనే అయినా ఆ మాట అన్నాము. మా అమ్మలు కూడా అలాగే పాడతారని మాకు గుర్తు రాలేదు. నాటు పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు అందుకుంటే మడిలో ఉన్న పదిహేను మందీ వెంట పలుకుతారు. వంగి నాటుతూ, బురదలో అడుగు వెనక్కి వేస్తూ పాడే పాట అది. దాన్ని రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక, ఒంటి గది ఇంట్లో, ఒక్కతే కూర్చుని ఫోన్‌కు పాడమంటే ఏ తల్లి గొంతయినా తగ్గిపోతుంది. అది ఆమె లోపం కాదు.

2024 దసరాకు మళ్లీ సీడీ మాట వచ్చింది. హాస్టల్‌కు వెళ్లి పిల్లలతో మాట్లాడాము. అందరూ ఒప్పుకున్నారు. ఆ చెల్లెలు మాత్రం, "అక్కా, ఈసారి మా అమ్మ పాట వెయ్యకుండ్రి" అంది. తల ఎత్తకుండానే అంది. అమ్మ చేత ఇంకోసారి పాడించి పంపు అన్నాము. "ఆమె పాడది. నాకు పాడరాదు అంటది" అంది. అంటే మా దగ్గర ఉన్నది ఆ పాత రికార్డింగు ఒక్కటే. "మేము సరిచేసి నీకు వినిపిస్తాం. నువ్వు వద్దంటే తీసేస్తాం" అని మాట ఇచ్చి వచ్చాము. ఎలా సరిచేస్తారో అప్పటికి మాకు తెలియదు!

ముందు తేల్చుకోవలసింది, మొదటిసారి మాకెందుకు తెలియలేదన్నది. సీడీ రాసే ముందు పాటలన్నీ విన్నాము కదా. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాము. పదకొండో పాటకు సౌండ్ పెంచుకుని విన్నాము, పన్నెండోదానికి తగ్గించుకుని విన్నాము. హెచ్చుతగ్గులు సరిచేసే పని మా బొటనవేలు చేసింది. అది చేస్తోందని మేము గమనించలేదు. సీడీతో పాటు మా బొటనవేలు హాస్టల్‌కు వెళ్లలేదు కదా.

తరువాత ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాము. అందులో పాటను తెరిస్తే గీతలు గీతలుగా కనపడుతుంది. మన తెర మీద సినిమా పాట ఇటుక గోడలా ఉంది, పైనుంచి కింది దాకా నిండుగా. పదకొండో పాట మాత్రం మధ్యలో సన్నని దారంలా ఉంది. చూడగానే ముగ్గురమూ మాట్లాడకుండా ఉండిపోయాము. పోయిన ఏడు ఒక్కసారి ఇలా చూసి ఉంటే!

అందులో 'నార్మలైజ్' అనే ఆదేశం ఉంది. పేరు చూసి ఇదే మనకు కావలసింది అనుకున్నాము. పద్ధెనిమిది పాటలకూ వేశాము. పదకొండో పాట దాదాపు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఇదేమి న్యాయమని ఫిజిక్స్ చదివే ఆమె ఒక రాత్రంతా కూర్చుని కనిపెట్టింది.

సంగతి ఇది. 1982లో మొదటిసారి అమ్మకానికి వచ్చిన నాటి నుంచి ఆడియో సీడీ పద్ధతి ఒక్కటే. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాస్తారు. ఆ అంకె 32,767ను దాటడానికి వీల్లేదు. అదే పైకప్పు. దాన్నే సున్నా డెసిబెల్ అంటారు. అంతకన్నా తక్కువ ఉన్నవన్నీ మైనస్‌లో ఉంటాయి. కప్పు దాటించాలని చూస్తే తల తెగిపోయి, ధ్వని గరగరమంటుంది. నార్మలైజ్ అనేది పాటలో అన్నిటికన్నా ఎత్తయిన ఒక్క శిఖరాన్ని చూస్తుంది. అది కప్పుకు తగిలేదాకా పాట మొత్తాన్ని పైకి లేపుతుంది. అంతకుమించి దానికి తెలియదు.

పదకొండో పాటలో రెండో నిమిషం దగ్గర ఠంగుమని ఒక చప్పుడు ఉంది. చెంబో, గిన్నెనో దొర్లిన చప్పుడు. అది సెకనులో అయిదో వంతు కూడా లేదు. ఆమె పాట ఆపలేదు, పాడుతూనే ఉంది. ఆ చప్పుడు శిఖరం అప్పటికే కప్పుకు తగులుతోంది. కంప్యూటరు దాన్ని చూసి, ఈ పాట ఇప్పటికే గట్టిగా ఉంది, పెంచడానికి చోటు లేదు అని తేల్చేసింది. మిగతా నాలుగు నిమిషాల గొంతును అది లెక్కలోకే తీసుకోలేదు.

మా రోజుల్లో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు, ఒక్కరికి పదికి పది జీపీఏ వస్తే ఆ ఫోటో ఫ్లెక్సీ మీద వేసి, బడి మొత్తం బాగా చదివిందని చెప్పేవారు. వెనక బెంచీల్లో ఎవరెలా చదివారో ఫ్లెక్సీలో ఉండేది కాదు. నార్మలైజ్ కూడా అలాంటి లెక్కే.

రెండో ప్రయత్నంలో రీప్లేగెయిన్ అనే పద్ధతి పట్టుకున్నాము. ఇది 2001లో వచ్చింది. ఇది శిఖరాన్ని కాదు, పాట మొత్తం చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో లెక్కకడుతుంది. లాప్‌టాప్‌లో వింటే పద్ధెనిమిది పాటలూ చక్కగా సమానంగా వచ్చాయి. ఎగిరి గంతేశాము. ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో అన్న దగ్గర సీడీ రాసే డబ్బా అడిగి తెచ్చుకున్నాము. స్టేషనరీ షాపాయన అటక మీద వెతికి దుమ్ము దులిపి ఇచ్చిన ఖాళీ సీడీల్లో ఒకటి రాశాము. ప్లేయరులో పెడితే మళ్లీ పాత కథే! పదకొండు బావిలో ఉంది, పన్నెండు నెత్తి మీద ఉంది.

ఎందుకంటే రీప్లేగెయిన్ పాటను మార్చదు. 'ఈ పాటను ఇంత పెంచి వినిపించు, ఆ పాటను అంత తగ్గించి వినిపించు' అని పాట వెంట ఒక చీటీ రాసి పెడుతుంది. ఆ చీటీ చదవడం వచ్చిన ప్లేయరు దాని ప్రకారం నడుచుకుంటుంది. మేము ఆడియో సీడీ రాసిన సాఫ్ట్‌వేర్ ఆ చీటీని పట్టించుకోలేదు. డిస్కు మీదికి పాట వెళ్లింది, చీటీ వెళ్లలేదు. సీడీ ఒక్కసారి రాస్తే మళ్లీ చెరపలేము. అలా మొదటి డిస్కు వృథా అయింది. ఇప్పుడది మా గది తలుపుకు అలంకారంగా వేలాడుతోంది.

అందుకని పాటనే మార్చాలని అర్థమైంది. ఆడాసిటీలోనే 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' అని ఇంకో ఆదేశం ఉంది. మన చెవి అన్ని స్వరాలనూ ఒకేలా వినదు. లోతైన గుమగుమ కన్నా మాట స్పష్టతనిచ్చే సన్నని స్వరాలను ఎక్కువగా పట్టుకుంటుంది. ఆ సంగతిని లెక్కలో చేర్చి, పాట మొత్తం గట్టిదనాన్ని కొలిచే పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో ప్రకటించింది. 2010లో యూరప్ ప్రసార సంస్థల యూనియన్ దాని మీద ఆధారపడి, కార్యక్రమాలన్నీ మైనస్ 23 దగ్గర ఉండాలని సిఫారసు చేసింది. కార్యక్రమం మధ్యలో ప్రకటన రాగానే టీవీ అరవడం మనకు తెలిసిందే కదా. ఈ కొలత పుట్టడానికి అలాంటి బాధలే కారణం. ఈ కొలత పేరు ఎల్‌యూఎఫ్‌ఎస్. చెల్లెళ్లు పేరు గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు.

మా పాటలను కొలిచాము. సినిమా పాట మైనస్ 9. పిల్లల పాటలు మైనస్ 20 చుట్టుపక్కల. పదకొండో పాట మైనస్ 34. పది డెసిబెల్స్ తేడా ఉంటే చెవికి సుమారు రెట్టింపు అనిపిస్తుందంటారు. ఇక్కడ తేడా 25. అంటే ఆ అమ్మ గొంతు పక్కన సినిమా పాట అయిదు రెట్లకు పైగా గట్టిగా ఉంది. దాని పక్కన ఆమెను కూర్చోబెట్టి, గట్టిగా పాడలేదని ఆమెనే తప్పుబట్టాము.

ఇప్పుడు ఎక్కడ సమానం చేయాలన్నది ప్రశ్న. మా ముగ్గురికీ గొడవ ఇక్కడే వచ్చింది. కామర్స్ చదివే ఆమె, అందరినీ సినిమా పాట ఎత్తుకు తీసుకెళ్దాం అంది. వార్షికోత్సవం అంటే ఊపు ఉండాలి, సౌండ్ తగ్గితే డాన్సు చేసే పిల్లలకు కాళ్లు ఆడవు అంది. అదీ నిజమే అనిపించి ప్రయత్నించాము. పదకొండో పాటను 25 డెసిబెల్స్ లేపాము. గొంతు పగిలిపోయింది. ప్రతి పదం చివరా కప్పుకు తగిలి గరగరమంది. వెనక తిరిగే ఫ్యాను చప్పుడు గాలివానలా వచ్చింది. తెలుగు చదివే ఆమె ఇయర్‌ఫోన్లు తీసేసి, "మనం ఈమెను అరిపిస్తున్నాం" అంది. ఆ మాటకు గొడవ ఆగింది.

గట్టిగా ఉన్నవాటిని తగ్గించడం తప్ప వేరే దారి లేదు. సినిమా పాటలను 11 డెసిబెల్స్ కిందికి దించి మైనస్ 20కి తెచ్చాము. తగ్గిస్తే పాట పాడవదు, ఒక్క పదం కూడా పోదు. మరి ఊపు సంగతి? దానికి మైక్ సెట్ అన్న గుండీ ఉంది కదా! పాటలన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఆయన ఒక్కసారి పెంచితే చాలు, అందరూ కలిసి లేస్తారు. ఒకరు అప్పటికే కప్పు మీద కూర్చుని ఉంటేనే ఆ గుండీ ఎవరికీ పనికి రాకుండా పోతుంది. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి ముగ్గురు పీజీ విద్యార్థినులకు నెలన్నర పట్టిందంటే మీకు నవ్వు రావచ్చు.

ఇక పదకొండో పాటను 14 డెసిబెల్స్ లేపాలి. అంటే ప్రతి అంకెనూ సుమారు అయిదు రెట్లు చేయాలి. గొంతుకు చోటు ఉంది, చెంబు చప్పుడుకు లేదు. ఆ ముక్కను కోసేస్తే దానితో పాటు ఒక మాట పోతుంది. అందుకని ఆ ఒక్క చోట మాత్రం ధ్వనిని వేలితో నొక్కినట్టు కిందికి వంచాము. తరువాత మొత్తం లేపాము. చప్పుడు పూర్తిగా పోలేదు, పాటకు అడ్డం పడకుండా ఒదిగింది. ఫ్యాను హోరు తీసేయడానికి ఇంకో ఆదేశం ఉంది. దాన్ని ఎక్కువగా వాడితే గొంతు నీళ్లలో మునిగి పాడినట్టయింది. అందుకని కొంచెమే వాడి, మిగతా హోరును అలాగే వదిలేశాము. ఇంట్లో ఫ్యాను తిరుగుతుంటే వినపడక ఏం చేస్తుంది?

అంకెలు సమానమైతే సరిపోదని కూడా తెలిసింది. డప్పుల పాట, ఒంటి గొంతు పాట ఒకే అంకె దగ్గర ఉన్నా, వరసగా వింటే ఒంటి గొంతు ఒక మెట్టు కింద ఉన్నట్టు అనిపించింది. అందుకని ఒకరం ప్లే చేస్తే ఇద్దరం గది బయట వరండాలో నిలబడి విన్నాము. మాట అర్థం కాని చోటల్లా చెయ్యి ఎత్తాము. అలా అమ్మల పాటలను ఇంకో రెండు డెసిబెల్స్ పెంచాము. ఇది ఏ పుస్తకంలోనూ చూసి చేసింది కాదు, మా చెవులను బట్టి చేసింది. ఇంకో రెండు డిస్కులు పాడయ్యాక నాలుగోది కుదిరింది.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక ఆదివారం ఆ డిస్కు తీసుకుని హాస్టల్‌కు వచ్చాము. ఆ రోజు తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చారు. ఆ అమ్మ కూడా వచ్చింది. మేము అనుకోలేదు. ఆ చెల్లెలికి ముందు విడిగా వినిపిద్దామనుకున్నాము గానీ, అప్పటికే చిన్నపిల్లలు డిస్కు లాక్కుని ప్లేయరులో పెట్టేశారు. ఆపితే ఇంకా ఎక్కువ తెలిసిపోతుంది. చేసేది లేక గోడ పక్కన నిలబడ్డాము. పరీక్ష ఫలితాల రోజు కూడా మా గుండెలు అంతగా కొట్టుకోలేదు.

డైనింగ్ హాలులో ఒక పక్క పిల్లలు తెచ్చుకున్న సద్దులు విప్పుతున్నారు. ఒక పక్క మాటలు. పదో పాట అయింది. రెండు సెకన్ల ఖాళీ. పదకొండోది మొదలైంది. ఆ గొంతు మామూలుగా, మన పక్కన కూర్చుని ఒక మనిషి పాడుతున్నట్టు వచ్చింది. ఆ చెల్లెలు చేతిలో ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయింది. అమ్మ మాత్రం ఎవరో పాడుతున్నారనుకుని కాసేపు వింది. ఆమెకు తన గొంతు తెలియలేదు. పక్కన కూర్చున్న ఇంకో అమ్మ మెల్లగా వెంట పలకడం మొదలుపెట్టింది. ఆమెకు ఆ పాట తెలుసు. వేరే మండలం, అదే పాట. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

రెండో నిమిషం దగ్గర చెంబు చప్పుడు చిన్నగా వినపడింది. ఆమె ఒక్కసారి తలెత్తి, "గది మా చిన్నోడు తన్నిన చెంబే!" అంది. నిద్రలో కాలు తన్నితే దొర్లిందట. తరువాత కూతురి వైపు తిరిగి, "గిది నేనేనా?" అంది. చెల్లెలు తల ఊపింది. "నేను గంత గట్టిగ పాడలే గద బిడ్డా" అని మా వైపు చూసింది. ఏం చెప్పాలో మాకు తెలియలేదు. ఎల్‌యూఎఫ్‌ఎస్ గురించి చెప్పాలా? పోయిన ఏడు మేము చేసింది చెప్పాలా? చివరికి ఫిజిక్స్ చదివే ఆమె, "మిషిను ఖరాబు కాలేదమ్మా. అప్పుడు మాకు పని రాలేదు. మాదే తప్పు" అంది. ఆమె కొంచెంసేపు ఊరుకుని, "తిన్నరా మీరు?" అని తన సద్దిలో నుంచి మాకు ఒక్కొక్క సర్వపిండి ముక్క పెట్టింది.

పన్నెండోది సినిమా పాట మొదలైంది. ఎవరూ గుండీ దగ్గరికి పరుగెత్తలేదు. పిల్లలు తింటూనే కాళ్లు ఊపారు.

వెళ్లేటప్పుడు ఆ చెల్లెలు గేటు దాకా వచ్చింది. పాట ఉంచమంటావా తీసెయ్యమంటావా అని అడిగాము, మాట ఇచ్చాము కాబట్టి. "ఉంచుండ్రి. గా చెంబు సప్పుడు గూడ ఉంచుండ్రి" అంది.

చెల్లెళ్లారా, మేము ఏదో సాధించామని ఇది రాయడం లేదు. మీరు రేపు పెద్ద చదువులకు వెళ్తారు. మీకన్నా ముందు గట్టిగా మాట్లాడడం నేర్చినవాళ్ల మధ్య కూర్చుంటారు. యూనివర్శిటీలో మొదటి సెమినారు రోజున మా ముగ్గురి గొంతులూ పదకొండో పాటలాగే ఉన్నాయి. "కొంచెం గట్టిగా మాట్లాడమ్మా" అని వెనక నుంచి అరిచారు. మాకు అప్పుడు బాధ కలిగింది. ఆ బాధ తెలిసి ఉండి కూడా ఒక అమ్మ విషయంలో మేము అదే పని చేశాము. ఎవరి మాటయినా వినపడకపోతే వాళ్లను అరవమనే ముందు, పక్కన ఎవరు ఎంత గట్టిగా ఉన్నారో ఒకసారి కొలిచి చూడండి. మేము ఈ పనిలో నేర్చుకున్నది అదే.

ఈ పని నేర్చుకోవాలనుకునే వాళ్లు వేసవి సెలవుల్లో మమ్మల్ని అడగండి, నేర్పిస్తాము. స్టూడియో అన్న డబ్బా ఇంకా మా దగ్గరే ఉంది, ఆయనకు కృతజ్ఞతలు. సీడీ కాపీలు మూడు వార్డెన్ మేడమ్ గారి దగ్గర ఇచ్చాము. ఒకటి గీతలు పడితే ఇంకొకటి వాడుకోండి.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి వార్షికోత్సవం మొదలై ఉంటుంది. ఆ అమ్మ వస్తానంది. ఈసారి భోజనం చేసే వెళ్తానంది. పన్నెండో పాట మొదలైనప్పుడు మీరెవరూ చెవులు మూసుకోనక్కరలేదు.